మొహమాటం లేని మర్యాద

నేపుల్స్ నగరంలో కొందుర్రో కుటుంబం నడిపే పిజ్జా దుకాణం ఒకటుంది. పేరు ల'అంతికా పిజ్జేరియా దా మికేలే. 1870లో మొదలైంది. దశాబ్దాల తరబడి అక్కడ దొరికినవి రెండే రకాలు. ఒకటి టమాటా, మోజరెల్లా, బేసిల్ ఆకులతో చేసే మార్గరీటా. రెండోది చీజ్ ఊసే లేకుండా టమాటా, వెల్లుల్లి, ఒరెగానోతో చేసే మారినారా. పుట్టగొడుగులు వెయ్యమని ఎవరు అడిగినా లేవనే జవాబు. అయినా జనం నంబరు చీటీ తీసుకుని, వీధిలో నిలబడి తమ వంతు కోసం చూస్తుంటారు.

మనుషులతో పని ఉన్న ఏ ఉద్యోగంలోనైనా మన పేరు చెడగొట్టేవి కోపం, బద్ధకం అనుకుంటాం. వాటికంటే ఎక్కువ చేటు చేసేది మొహమాటమని నా గట్టి నమ్మకం. శుక్రవారానికి కుట్టి ఇవ్వలేనని తెలిసీ టైలరు "ఇచ్చేస్తానండి" అంటాడు. పెళ్ళిళ్ళ సీజన్లో చేతినిండా పనున్న క్యాటరింగ్ ఆయన తెలిసినవాళ్ళు అడిగారని ఇంకో వంట ఒప్పుకుంటాడు. ఆఫీసులో పక్క సీటు మనిషి ఫైలు తెస్తే "పెట్టి వెళ్ళండి, చూస్తాను" అంటాం. అడిగినవాళ్ళ ముఖం చిన్నబోతుందేమోనని ఆ క్షణాన ఒప్పుకుంటాం. నాలుగు రోజులు పోయాక వాళ్ళే ఫోన్ చేస్తే ఎత్తడానికి జంకుతాం.

మొహమాటపడకుండా, ఎదుటివారిని నొప్పించకుండా, కడుపునిండా పెట్టి పంపడం ఎలాగో నేర్చుకోవాలంటే ఇటలీలో కుటుంబాలు నడుపుకునే చిన్న భోజనశాలలు చక్కని బడి. వాటిని అక్కడ ట్రాటోరియా అంటారు. తండ్రి గల్లాపెట్టె దగ్గర, తల్లి వంటింట్లో, కొడుకో కూతురో బల్లల మధ్య ఉంటారు. బయటి నుంచి వచ్చిన పనివాళ్ళు ఒకరిద్దరు ఉంటే ఉంటారు. మనం హోటల్ వ్యాపారంలో ఉండక్కర్లేదు. బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నా, ట్యూషన్ చెబుతున్నా, అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నా వాళ్ళ పద్ధతి పనికొస్తుంది.

మొదట వాళ్ళ "కాదు"లు చూడండి. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో తెరుస్తారు, రెండున్నరకి వంటిల్లు కట్టేస్తారు. మళ్ళీ పొయ్యి వెలిగేది రాత్రి ఏడున్నరకే. మన తెలుగు కుటుంబాలు ఇటలీ యాత్రకి వెళ్ళినప్పుడు సాయంత్రం అయిదింటికి పిల్లలు ఆకలంటే తలుపులు మూసున్న వీధుల్లో తిరిగి విసుక్కుంటారు. వారంలో ఒకరోజు సెలవు. ఆగస్టు 15న వచ్చే ఫెర్రగోస్తో పండుగ చుట్టుపక్కల చాలామంది రెండు మూడు వారాలు తాళం వేసుకుని సముద్రతీరానికి వెళ్ళిపోతారు. వెళ్ళేముందు తలుపుకి కాగితం అంటించి, మళ్ళీ ఏ తేదీన తెరుస్తారో రాస్తారు. వంటకాల్లోనూ అంతే. రోమ్‌లో గురువారం అంటే న్యోక్కి, అంటే బంగాళాదుంప ఉండల రోజు. శుక్రవారం చేపల రోజు. ఈ పద్ధతి ఇప్పటికీ పాటించే ఇళ్ళున్నాయి. మంగళవారం వెళ్ళి న్యోక్కి అడిగితే గురువారం రమ్మంటారు.

ఈ కాదుల్లో ఒక పోలిక ఉంది. అన్నీ ముందే చెప్పినవి. తలుపు మీదో, మెనూ కార్డు మీదో, ఫోన్ చేసి బల్ల చెప్పి ఉంచుకునేటప్పుడో మనకి తెలిసిపోతాయి. కూర్చుని, ఆర్డరిచ్చి, ముప్పావుగంట గడిచాక "అది అయిపోయిందండి" అనే మాట వినాల్సి వస్తే ఒళ్ళు మండుతుంది. అదే మాట గుమ్మం దగ్గర చెబితే నవ్వుతూ ఇంకోటి ఎంచుకుంటాం. కస్టమరు తన టైమో, డబ్బో, ఆశో ఇంకా ఖర్చు పెట్టకముందే చెప్పే కాదు వల్ల ఎవరికీ పెద్ద నష్టం ఉండదు. ఆలస్యమయ్యే కొద్దీ దాని ఖరీదు పెరుగుతుంది. మీ పనిలో మీరు ఎక్కువగా ఒప్పుకోలేని కోరికలేవో ఒక కాగితం మీద రాసుకోండి. వాటిని కస్టమరు అడిగాక చెబుతున్నారా, అడగకముందే కనపడేలా పెట్టారా? పిల్లలు నెల మధ్యలో మానేస్తే ట్యూషన్ మాస్టారు ఫీజు తిరిగి ఇవ్వలేకపోతే ఆ సంగతి చేరేరోజే రసీదు మీద ఉండాలి.

కాదనడానికి సాహసం ఒక్కటే చాలదు. ఎలా అంటామన్నది ఇంకో విద్య. దాన్ని నేను దగ్గర నుంచి చూసింది బొలోన్యాలో. చేత్తో అప్పడంలా వత్తి, కోసే గుడ్డు పాస్తాకి ఆ ఊరు పెట్టింది పేరు. మేం వెళ్ళిన చోట ఒక పెద్దావిడ అద్దాల గది వెనక నిలబడి, తన చేతికంటే పొడవైన కర్రతో పిండి వత్తుతోంది. మాతో వచ్చిన స్నేహితురాలు కోడిగుడ్డు కూడా ముట్టదు. మెనూలో మినెస్త్రోనే అని కనపడితే కూరగాయల సూపే కదా అని అదే చెప్పింది. ఆర్డరు రాసుకున్న కుర్రాడు "మీరు మాంసం తినరా?" అని అడిగాడు. తినదని తెలిశాక లోపలికి వెళ్ళి తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ మోచేతుల దాకా పిండి, నడుముకి మడిచి కట్టిన ఏప్రన్. ఇటాలియన్‌లో ఆవిడ చెప్పడం, ఇంగ్లిష్‌లో కొడుకు చెప్పడం.

"ఆ సూపులో కూరలే ఉంటాయి. కానీ ఉడికించిన నీళ్ళు ఎముకల నీళ్ళు. మీకు పనికిరాదు. పైన వేసే పార్మిజానోకి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో. అదీ వెయ్యను. నేను చేసిన పాస్తా అంతటిలో గుడ్డుంది. గోధుమ రవ్వ, నీళ్ళతో చేసిన ఎండు స్పగెట్టీ ఉంది. అది ప్యాకెట్‌ది, నా చేత్తో చేసింది కాదు. టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో వేరే గిన్నెలో చేసిస్తాను. ఇరవై నిమిషాలు పడుతుంది. సరేనా?"

ఆ మాటల్లో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే విడదీసి చూడండి. ఆవిడ ముందు నిజం చెప్పింది. చెప్పకపోతే మా స్నేహితురాలికి ఎప్పటికీ తెలిసేది కాదు. కూరగాయల సూపని తాగి, బాగుందని మెచ్చుకుని వచ్చేసేది. ఆ తర్వాత తను ఇవ్వగలిగింది చెప్పింది. దాని లోపమూ దాచలేదు. జీవితమంతా చేత్తో పాస్తా చేసిన మనిషి, అదే తన గొప్పగా బతికిన మనిషి, ప్యాకెట్ పాస్తా పెడుతున్నానని తనంతట తాను చెప్పుకోవడం చిన్న విషయం కాదు. ఎంతసేపు పడుతుందో చెప్పింది. చివరికి నిర్ణయం మా స్నేహితురాలి చేతిలో పెట్టింది. "సారీ" అన్న మాట ఆ సంభాషణలో ఎక్కడా లేదు. దాని అవసరం కూడా కనపడలేదు.

మీరు కాదనాల్సి వచ్చినప్పుడు ఇదే వరస వాడి చూడండి. "శుక్రవారానికి కాదండి. బ్లౌజుకి లైనింగ్ వెయ్యాలి, హడావుడిగా కుడితే ముడతలు పడుతుంది. ఆదివారం పొద్దున పదింటికి ఇస్తాను. శుక్రవారమే తప్పనిసరైతే లైనింగ్ లేకుండా కుట్టగలను, మీ ఇష్టం." ఈ మాట విన్నవాళ్ళకి కోపం రాదని నేను హామీ ఇవ్వలేను. కొందరికి వస్తుంది. కానీ ఆదివారం పొద్దున వాళ్ళు వచ్చేసరికి బ్లౌజు సిద్ధంగా ఉంటుంది. మళ్ళీ పండక్కి వాళ్ళు ఆ టైలరు దగ్గరికే వస్తారు.

నిజం చెప్పడాన్ని ఇటలీలో మనుషుల మంచితనానికే వదిలెయ్యలేదు. మెనూలో కొన్ని వంటకాల పక్కన చిన్న చుక్కగుర్తు కనిపిస్తుంది. కార్డు అడుగున దాని అర్థం రాసుంటుంది, ఆ వంటకంలో గడ్డకట్టించి నిల్వ చేసిన సరుకు వాడారని. ఆ గుర్తు లేకుండా ఫ్రీజర్ చేపని తాజా చేపగా అమ్మజూపితే మోసానికి ప్రయత్నించినట్టుగా అక్కడి కోర్టులు తీర్పులిచ్చాయి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ఒంటికి పడకపోవచ్చని గుర్తించిన 14 రకాల పదార్థాల్లో ఏది వంటకంలో ఉన్నా తినేవాళ్ళకి తెలియజెయ్యాలి. ఆ జాబితాలో గోధుమ, పాలు, గుడ్డుతోపాటు మన పోపుడబ్బాలోని ఆవాలు, మన పచ్చళ్ళలోని నువ్వులు, వేరుశెనగ కూడా ఉన్నాయి. అక్కడ హోటల్ పెట్టుకునే మన తెలుగువాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. చట్టం సంగతి అలా ఉంచితే, చుక్క పెట్టడం వల్ల ఆ హోటల్‌కి గిరాకీ తగ్గదు. చుక్క లేని వంటకం మీద నమ్మకం పెరుగుతుంది.

డబ్బు మాట దగ్గర మొహమాటం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఇటలీలో బల్ల దగ్గర కూర్చున్నందుకు మనిషికి ఒకటి నుంచి మూడు యూరోల దాకా వేస్తారు. దాన్ని కొపెర్తో అంటారు. మెనూలో రాసి ఉండాలి. రోమ్ ఉన్న లాజియో ప్రాంతంలో 2006లో చేసిన చట్టం దీన్ని కాదంది, అక్కడ కొన్నిచోట్ల రొట్టెకని విడిగా వేస్తారు. చూసుకోకుండా కూర్చున్నవాళ్ళు బిల్లు దగ్గర గొడవపడతారు. చేపల సంగతి ఇంతకంటే పెద్దది. మెనూలో చేప ధర తరచుగా నూరు గ్రాములకి రాసి ఉంటుంది. అదే మొత్తం చేప ధర అనుకుని ఆర్డరిస్తే బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది. పద్ధతైన ట్రాటోరియాలో వండకముందే చేపని పళ్ళెంలో పెట్టి బల్ల దగ్గరికి తెచ్చి చూపిస్తారు. ఇంత బరువుంది, ఇంత అవుతుంది, వండమంటారా అని అడుగుతారు. తినబోయేవాళ్ళ దగ్గర డబ్బు మాటెత్తడం ఏం బాగుంటుందని వాళ్ళు సిగ్గుపడరు. మన దగ్గర ఎలక్ట్రీషియన్లు, మెకానిక్కులు, ఇంటి ప్లాన్లు గీసే కుర్రాళ్ళు "మీరు ఎంతిస్తే అంత, మన మధ్య అదేంటండీ" అని పని మొదలుపెట్టడం చూసినప్పుడల్లా ఆ చేప పళ్ళెం నాకు గుర్తొస్తుంది. పని అయ్యాక ఇద్దరి మొహాలూ మాడతాయి. ముందు చెప్పండి, అంకె చెప్పండి, ఒప్పుకున్నాకే స్క్రూడ్రైవర్ తియ్యండి.

బిల్లు ఇచ్చే పద్ధతి దీనికి భిన్నం. ఇటలీలో మీరు అడిగితే తప్ప బిల్లు బల్ల మీదికి రాదు. అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెత అక్కడ బిల్లుకి అతుకుతుంది. కాఫీ అయిపోయి అరగంటైనా ఎవరూ వచ్చి చూడరు. మనవాళ్ళు పట్టించుకోవడం లేదని నొచ్చుకుంటారు. వాళ్ళ దృష్టిలో ఖాళీ పళ్ళెం తీసి బిల్లు పెట్టడమంటే లేచి వెళ్ళమనడమే. చాలా ట్రాటోరియాల్లో రాత్రి ఒక బల్ల ఒకరికి ఇచ్చారంటే ఆ రాత్రికి అది వాళ్ళదే. తెరిచే వేళలు, వంటకాల సంఖ్య, బల్లల సంఖ్య అన్నీ కుదించుకున్నారు కాబట్టే కూర్చున్న మనిషికి అంత టైం ఇవ్వగలుగుతున్నారు. అన్నిటికీ అవుననే చోట ఈ తీరిక దొరకదు. తర్వాతి ఆర్డరు వెనక నిలబడి తోస్తూ ఉంటుంది.

కుటుంబం నడిపితే ఎంత ఎత్తుకి వెళ్ళొచ్చో తెలియాలంటే మాంతోవా దగ్గర రునాతే అనే పల్లెలోని దాల్ పెస్కాతోరే చూడాలి. జాలరి కుటుంబం 1920లలో చేపలు, వైన్ అమ్ముకునే చిన్న కొట్టుగా మొదలుపెట్టింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నదియా సాంతీనీ వంట నేర్చుకున్నది అత్తగారు బ్రూనా దగ్గర, భర్త నాయనమ్మ తెరేసా దగ్గర. 1996లో, హోటళ్ళని బేరీజు వేసే మిషెలిన్ గైడ్ ఆ హోటల్‌కి మూడు నక్షత్రాలు ఇచ్చింది. అంతకంటే పెద్ద గుర్తింపు ఆ గైడ్‌లో లేదు. నదియా వంటింట్లో ఉంటే భర్త ఆంతోనియో హాల్లో ఉండేవారు. తర్వాత కొడుకుల్లో ఒకరు తల్లి వైపు, ఇంకొకరు తండ్రి వైపు చేరారు. గుమ్మడికాయ పెట్టి చేసే తోర్తెల్లీ ఇప్పటికీ ఆ ఇంటి పేరుతో ముడిపడి ఉంది. అది ఆ జిల్లాలో ఇంటింటా చేసుకునే పండుగ వంట.

హాల్లో ఒక మనిషి ఉండడం మామూలుగా కనిపిస్తుంది కానీ చాలా వ్యాపారాల్లో లోపిస్తున్నది అదే. అందరూ వంటలో, వడ్డనలో, లెక్కల్లో మునిగిపోతే తలెత్తి చూసేవాళ్ళుండరు. గుమ్మంలో నిలబడ్డవాళ్ళని "చూశాం, కూర్చోండి" అని కళ్ళతో పలకరించేవాళ్ళుండరు. బెర్గమో దగ్గరి దా వితోరియో 1966లో చేరేయా దంపతులు మొదలుపెట్టిన హోటల్, ఇప్పుడు పిల్లలు నడుపుతున్నారు. అక్కడ పక్కెరీ అనే లావుపాటి గొట్టాల పాస్తాని టమాటా సాసుతో బల్ల ముందే కలిపి పెడతారు. తినేముందు పెద్దవాళ్ళ మెడకి కూడా గుడ్డ కడతారు. ఖరీదైన బట్టలేసుకొచ్చినవాళ్ళు మరక పడుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ తినకుండా చేసే ఏర్పాటు అది. అడిగితే ఒకరు కట్టించుకుంటారు, ఇంకొకరు సిగ్గుపడతారు. అందరికీ కట్టేస్తే ఆ బెంగే లేదు. మీ దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కడ సిగ్గుపడతారో ఆలోచించండి. బ్యాంకు ఫారం నింపడం రానివాళ్ళు అడగడానికి మొహమాటపడతారు. అడిగేదాకా ఆగకుండా, నింపిన నమూనా ఒకటి అందరి ముందూ పెట్టేస్తే వాళ్ళు తలదించుకోనక్కర్లేదు.

2025 డిసెంబరులో దిల్లీలో జరిగిన యునెస్కో సమావేశం మన దీపావళిని, ఇటాలియన్ వంట సంప్రదాయాన్ని ఒకే విడతలో మానవజాతి వారసత్వ జాబితాలోకి చేర్చింది. ఇటలీకి ఆ గుర్తింపు పిజ్జాకో పాస్తాకో విడిగా రాలేదు, ఇంట్లో కలిసి వండుకుని, ఒక బల్ల చుట్టూ కూర్చుని తినే అలవాటుకి వచ్చింది. ఆ అలవాటుని బయటివాళ్ళకి కూడా పంచిపెట్టేవే ఈ కుటుంబ భోజనశాలలు.

అలాగని కుటుంబం నడిపితే చాలు, ఆదరణ దానంతటదే వస్తుందనుకోకూడదు. వాటిలో ఉండే పెద్ద లోపం పాత మొహాలకి ఒక పద్ధతి, కొత్త మొహాలకి ఇంకో పద్ధతి. ముప్పై ఏళ్ళుగా వస్తున్న పక్కింటాయనకి మెనూలో లేనిది కూడా వస్తుంది, పరాయి ఊరి మనిషికి నీళ్ళ సీసా కూడా రెండుసార్లు అడిగితే గానీ రాదు. ఇంటి గొడవలు హాల్లోకి వస్తాయి. తండ్రీకొడుకులు అతిథుల ముందే మాటా మాటా అనుకుంటారు. మన ఊళ్ళ మెస్సుల్లో, కిరాణా కొట్లలో కూడా ఇది చూస్తూనే ఉంటాం. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. రోజుకి ఒక్క కొత్త మనిషినైనా ఆ ఇంటి పెద్ద స్వయంగా వడ్డించి సాగనంపాలి. పాతవాళ్ళు ఏమీ అనుకోరు. వాళ్ళకి చనువుంది.

తప్పు జరిగినప్పుడు ఏం చెయ్యాలన్నదాని మీద చాలా పుస్తకాలు పేజీలకి పేజీలు రాస్తాయి. నేను చెప్పేది కొంచెమే. పాస్తా చల్లారిపోయిందని ఎవరైనా అంటే ముందు పళ్ళెం తియ్యండి, తర్వాత మాట్లాడండి. ఎందుకు చల్లారిందో, ఆ రోజు వంటింట్లో ఎంతమంది తక్కువున్నారో వాళ్ళకి అక్కర్లేదు. వేడిది ఎప్పుడొస్తుందో మాత్రం కావాలి. వంటవాడి మీదో సర్వర్ మీదో నెట్టకండి. ఎదుటివాళ్ళకి మీరే ఆ హోటల్. ఆ పూట బల్ల దగ్గర మిగతావాళ్ళు తింటుంటే ఒకరే ఖాళీగా కూర్చున్నారేమో చూడండి, ఉంటే ముందు ఒక ముక్క రొట్టైనా పెట్టండి.

కస్టమర్లుగా మన వంతు మొహమాటం కూడా కొంత వదిలించుకోవాలి. ఉప్పు ఎక్కువైతే అక్కడ "బాగుందండి" అని తలూపి, ఇంటికొచ్చి ఫోన్‌లో ఒక్క నక్షత్రం ఇచ్చి నాలుగు మాటలు రాయడం మర్యాద కాదు. మొదటి రెండు ముద్దలప్పుడే పిలిచి, గొంతు పెంచకుండా చెబితే వాళ్ళు మార్చగలుగుతారు. సగం తిన్నాక చెబితే మార్చలేరు. బిల్లులో అర్థం కాని పద్దు కనపడితే వేలు పెట్టి చూపించి ఇదేమిటని అడగండి. బాగుంటే అదీ చెప్పండి, ఏది బాగుందో పేరు పెట్టి చెప్పండి. వంటింట్లో ఉన్న మనిషికి చేరే కబురు ఆ ఒక్కటే.

ఇక ఈ వారం చెయ్యాల్సిన పని. మొహమాటానికి ఒప్పుకుని, చెయ్యలేనని తెలిసీ ఇంకా చెప్పకుండా వాయిదా వేస్తున్న పని మీ దగ్గర ఒకటైనా ఉండే ఉంటుంది. ఎవరికి చెప్పాలో ఈపాటికి గుర్తొచ్చే ఉంటారు. మెసేజ్ పెట్టకండి, ఫోన్ చెయ్యండి. బొలోన్యా పెద్దావిడ వరసలోనే మాట్లాడండి. ఏది కుదరదో, ఎందుకు కుదరదో ఒక్క వాక్యంలో చెప్పండి. బదులుగా మీరు చెయ్యగలిగింది చెప్పి, దానిలో లోటు ఉంటే అదీ చెప్పండి. ఎప్పటికి అవుతుందో తేదీ ఇవ్వండి. ఆ తర్వాత "సరేనా?" అని అడిగి, వాళ్ళు ఆలోచించుకునేదాకా మాట్లాడకుండా ఆగండి. వాళ్ళు వద్దంటే అడ్వాన్సు ఆ రోజే తిరిగి ఇచ్చెయ్యండి.